ఊచలు వంగిన కిటికీ

మేడమీది గది,
ఫిబ్రవరి 9

మావయ్యకి,

ఈ కవర్లో ఉన్న బొమ్మ కోసం నాలుగు ఆదివారాలు తగలేశాను. ఎర్ర పెన్సిలు చెక్కుకునే ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

మా కట్టుడు పళ్ల ల్యాబు ఉన్న భవనంలో మూడో అంతస్తు మెట్ల దగ్గర పొడుగాటి కిటికీ ఒకటుంది. పదకొండు ఇనప ఊచలు. పొద్దున ఎనిమిదీ పది నుంచి ఎనిమిదిన్నర దాకా ఎండ ఆ ఊచల్లోంచి దూరి ఎదుటి గోడ మీద పడుతుంది. ఆ ఇరవై నిమిషాలే. మొదటి ఆదివారం వెళ్లి అన్నీ బిగించాక చూస్తే కెమెరాలో కార్డు లేదు, ఇంట్లో కంప్యూటరుకి గుచ్చి వచ్చేశాను. రెండో ఆదివారం వాచ్‌మన్ పట్టుకున్నాడు. "ఏం తీస్తున్నారమ్మా?" అన్నాడు. కిటికీ అన్నాను. "కిటికీని ఎవరైనా తీస్తారా? నిజం చెప్పండి" అన్నాడు. అదే మెట్ల మీద కూర్చుని ఆయన రోజూ ఫోన్‌తో తన మొహం పదిసార్లు తీసుకుంటాడు, అడిగేవాళ్లు లేరు. స్టాండు మీద కెమెరా కనిపిస్తే మాత్రం అందరికీ మనం దొంగలమే.

మూడో ఆదివారం ఎండా కుదిరింది, వాచ్‌మనూ కుదిరాడు. సరిగ్గా ఎనిమిదింబావుకి పై అంతస్తు ఆవిడ బకెట్టుతో దిగొచ్చి కిటికీ ముందు నిలబడి జడ సవరించుకుంది. "నన్ను కూడా ఒకటి తియ్యమ్మా" అంది. తీశాను. చూసుకుని, "నీ కెమెరా మంచిది, బాగా పడ్డాను" అంది. నేను కట్టుడు పళ్లు చేసిస్తే 'నీ చాకు మంచిదమ్మా' అని ఎవరూ అనరే!

నాలుగో ఆదివారం ఇదిగో, ఇది దక్కింది. నీ అల్లుడు కింద స్కూటరు మీద కూర్చుని 'అయిందా' అని తొమ్మిదిసార్లు మెసేజి పెట్టాడు. ఆయన పక్కన నిలబడి నిట్టూరిస్తే నా చెయ్యి వణుకుతుందని కిందే ఉండమన్నాను.

అసలు సంగతికి వస్తాను. క్లబ్బు ప్రదర్శనకి సెప్టెంబరు ఇరవై లోపల ఒక్క ప్రింటు ఇవ్వాలి. ఎనిమిదేళ్లుగా సభ్యురాలిని, ఒక్క ఏడూ ఇవ్వలేదు. నువ్వు 'బాగుంది' అంటేనే ఇస్తానని మొదట్లో నేనే మాటిచ్చాను, బుద్ధి తక్కువై. బొమ్మ కాగితం మీదే పంపాలన్నావు, పోస్టుకార్డు సైజులో, నలుపు తెలుపులో. ఫొటో సంగతులు ఫోన్‌లో ఎత్తొద్దన్నావు. తప్పులు ఎర్ర పెన్సిలుతో గీసి తిప్పి పంపుతానన్నావు. అన్నిటికీ తలూపాను. ఎనిమిదేళ్లలో ఆ ఒక్క మాట నీ దగ్గర్నుంచి రాలేదు. ఈ ఏడు కూడా రాకపోతే కెమెరా అమ్మేస్తాను. బెదిరింపు కాదు, విసుగు.

అత్తయ్యని అడిగానని చెప్పు.

నీ
గడుగ్గాయి

*

వెనక వరండా,
ఫిబ్రవరి 23

గడుగ్గాయికి ఆశీస్సులు.

కెమెరా అమ్మేముందు నాకో మాట చెప్పు. దాని తోలు సంచీ నాది, తిరిగి తీసుకుంటాను.

బొమ్మ చూశాను. ఎప్పట్లాగే పొద్దుటి వెలుతుర్లో, వరండా బల్ల మీద పెట్టి, ఎడమ కన్ను మూసి, కుడి కంటికి భూతద్దం ఆనించి చూశాను. నలభై ఏళ్లు కుడి కన్నే కెమెరాకి ఆనింది, కుడి కంటితోనే బొమ్మని నమ్ముతాను. ఎడమది ఊరికే తోడుకి ఉంది.

వెలుగు గురించి నేనేమీ అనను. నీడలు ఆగాల్సిన చోట ఆగాయి. కానీ నడిమి మూడు ఊచలు చూడు. పైన నిటారు, కింద నిటారు, మధ్యలో నడుం వంచాయి. ముప్పై నాలుగేళ్లు ఆఫీసులో నక్షాలు గీసిన డ్రాఫ్ట్స్‌మన్‌ని, గీత వంకరపోతే నాకు పంటి కింద రాయి పడ్డట్టుంటుంది. ఎంత వంగాయో ఎర్ర పెన్సిలుతో గీసి పెట్టాను. ఇనప ఊచ వంగదు. నీ లెన్సు వంచింది, లేదా నువ్వు స్టాండు సరిగా నిలబెట్టలేదు.

వాచ్‌మన్‌కి కోపం తెచ్చుకోకు. నా కాలంలో ఒక వంతెన తీస్తుంటే నన్ను స్టేషన్‌లో మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. ఆ వంతెన నక్షా గీసిందే నేనంటే నమ్మలేదు.

ఈసారికి లేదు. మళ్లీ తియ్యి.

మావయ్య

*

మేడమీది గది,
ఏప్రిల్ 6

మావయ్యకి,

నీ ఎర్ర గీతలు చూసిన దగ్గర్నుంచి కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. ప్రింటు మీద స్కేలు పెట్టాను. నిటారే అంది స్కేలు. నీ అల్లుడు నిటారే అన్నాడు. మా ల్యాబు యజమాని కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూసి నిటారే అన్నాడు. కానీ వీళ్లెవరూ నువ్వు కాదుగా! స్కేలు మాట నమ్మాలా, నీ మాట నమ్మాలా? నీ మాటే నమ్మాను. అప్పట్నుంచి నాకు ఏ గీత చూసినా వంకరగానే కనిపిస్తోంది. తలుపులు, బల్లలు, బస్సు కిటికీలు, అన్నీ. పనిలో ఒకాయన పళ్ల వరస రెండుసార్లు ఊడదీసి మళ్లీ అమర్చాను, అది మొదటిసారే బాగుంది.

ఇప్పుడు పంపేది మా ల్యాబు అలమర. అయిదు అరల నిండా దవడల అచ్చులు, తెల్లగా, వరసగా. స్టాండుకి తాపీ మేస్త్రీలు వాడే బుడగ మట్టం కట్టి మరీ తీశాను. ఇది కూడా సుఖంగా కాలేదు. పక్క గదిలో సాన మిషను వేసినప్పుడల్లా నేల అదిరి బొమ్మ చెదిరింది. భోజనాల వేళ అది ఆపాక మొదలుపెడితే బ్యాటరీ అయిపోయింది. రెండో బ్యాటరీ ఛార్జింగులో పెట్టానే గానీ స్విచ్చి వెయ్యలేదు. మర్నాడు తీశాను. తీస్తుంటే పక్క బల్ల అమ్మాయి, "అక్కా, ఇన్నిసార్లు ఎందుకు? నేను ఫోన్‌తో ఒక్క దెబ్బకి తీస్తా" అని తీసి చూపించింది. బాగానే వచ్చింది! ఆ మంట ఇంకా చల్లారలేదు. పైగా వచ్చే నెల వాళ్ల బాబు పుట్టినరోజుకి నేను ఫొటోలు తీయాలట. "మీకెలాగూ సరదానే కదా అక్కా" అంది.

అరలు తిన్నగా ఉన్నాయో లేదో చెప్పు. త్వరగా చెప్పు.

గడుగ్గాయి

*

వెనక వరండా,
ఏప్రిల్ 21

గడుగ్గాయికి,

మూడో అర మధ్యలో కుంగింది. నాలుగోది దానికి ఎదురు లేచింది. మధ్య అచ్చులు రెండు ఒకదాని మీదికి ఒకటి ఒరిగినట్టున్నాయి. గీసి పంపుతున్నాను, నువ్వే చూసుకో. అదే జబ్బు, అదే చోట. ఇక స్టాండుని అనడానికి లేదు, లెన్సే. మార్పించు.

నాకూ ఈ మధ్య చిరాగ్గానే ఉంటోంది. పేపరు వాళ్లకి కూడా అచ్చు కుదరడం లేదు. చిన్న అక్షరాలకి భూతద్దం పెడితే వరసలు ఈదుతున్నాయి. ఎవరికీ పని మీద శ్రద్ధ లేదు. మీ అత్తయ్యతో అంటే, "మీకు ముక్కు మీద కోపం ఎక్కువైంది" అని టీ కప్పు కాస్త గట్టిగా పెట్టి పోయింది.

పుట్టినరోజు ఫొటోలకి ఒప్పుకోకు. ఒప్పుకుంటే జన్మంతా ఆ ఇంటి వాళ్లకి తీస్తూనే ఉండాలి. నేను నా తోడల్లుడి ఇంటికి ఇరవై ఏళ్లు తీశాను, ఒక్క ఫొటోలోనూ నేను లేను.

మావయ్య

*

మేడమీది గది,
జూన్ 14

మావయ్యకి,

లెన్సు మార్చాను. షాపువాడితో మూడు వారాలు పోట్లాట. "దీనికేం రోగం మేడం, గాజు కడిగిన ముత్యంలా ఉంది" అన్నాడు. మా మావయ్య వంకర అన్నాడని చెబితే, "మీ మావయ్యగారిది ఏ కంపెనీ?" అన్నాడు. నలుగురూ నవ్వారు. నేను తలెత్తకుండా సంచీ సర్దుకున్నాను. పాతదానితో ఎనిమిదేళ్లు తీశాను, మావయ్యా. చీకట్లో తడిమినా దాని తిప్పుడు నా వేళ్లకి తెలుసు. కొత్తది బరువు, మెడ నొప్పి.

ఇదిగో ఇటుక గోడ. లెన్సు ఎలా ఉందో చూడటానికి మొదట ఇటుక గోడే తియ్యమని నువ్వే నేర్పావుగా. ఇందులో కళ లేదు, వెలుగు లేదు, ఉత్త గోడ. వరసలు సరిగ్గా ఉన్నాయా లేదా, అంతే చెప్పు.

పుట్టినరోజుకి ఒప్పుకున్నాను. నోట్లో మాట రాలేదు. మూడొందల ఫొటోలు తీస్తే బాబు అన్నిట్లోనూ కళ్లు మూసుకున్నాడు.

గడుగ్గాయి

*

వెనక వరండా,
జూన్ 26

గడుగ్గాయికి,

నీ కొత్త లెన్సు పాతదానికి అన్న. గోడ మధ్యలో పొట్ట ఉబ్బింది. ఆరు వరసలు వంగాయి, లెక్కపెట్టి మరీ గీశాను. ఇలాంటి లెన్సుని ఎవరు అంటగట్టారో గానీ, నీ మొహం చూసి మోసం చేశారు.

నా లెన్సు ఒక్కటంటే ఒక్క గీత వంచి ఎరగదు. కొన్న రోజున నేనూ ఇలాంటి ఇటుక గోడే తీశాను, మా ఆఫీసు వెనకది. దాని మీద స్కేలు పెట్టి గీత గీసుకోవచ్చు. చీకటి గది ఎత్తేసినప్పుడు నా నెగటివుల పెట్టె నీకే ఇచ్చాను, అందులో ఉండాలి. తీసి చూడు. గోడంటే ఎలా ఉండాలో తెలుస్తుంది.

మావయ్య

*

లెన్సుల మెకానిక్ షాపు, బయటి బెంచీ,
జూలై 5

మావయ్యా,

ఈ ఉత్తరం ఇది మూడోసారి రాయడం. మొదటి రెండూ చింపేశాను. మొదటిదాంట్లో నిన్ను బాగా ఏడిపించాను. అది పంపనందుకు ఇప్పుడు బతికిపోయాననిపిస్తోంది.

నేను పంపిన ఇటుక గోడ నాది కాదు, నీది. మీ ఆఫీసు వెనక గోడే. నీ పెట్టెలోంచి ఆ నెగటివే తీసి ప్రింటు వేయించి, నా బొమ్మేనని పంపాను. కోపంతో చేశాను. ఎనిమిదేళ్ల ఉక్రోషం, మావయ్యా. నువ్వు 'ఈసారి వరసలు సరిగ్గా ఉన్నాయి' అంటే నీ లెన్సు గొప్ప ఒప్పుకునేదాన్ని. వంకర అంటే నీ సొంత గోడకే వంక పెట్టావని ఇల్లెగిరేలా నవ్వుదామనుకున్నాను. నీ ఉత్తరం వచ్చింది. నవ్వాను. నీ అల్లుడిని పిలిచి చదివి వినిపించి మరీ నవ్వాను.

ఆ ఊపులోనే మూడు ప్రింట్లూ పట్టుకుని ఇక్కడి మెకానిక్‌కి చూపించాను, ఆయనా నవ్వుతాడని. ముసలాయన, రోజంతా లెన్సులు విప్పి బిగిస్తుంటాడు. ఆయన నవ్వలేదు. మూడింటినీ పక్కపక్కన పెట్టి, "ఇవి గీసినాయన వయసెంత?" అన్నాడు. అరవై ఎనిమిది అన్నాను. "లెన్సులో తప్పుంటే గీత అంచుల్లో వంగుతుందమ్మా. మధ్యలో వంగదు. ఈయన ఎర్ర గీతలన్నీ మధ్యలోనే ఉన్నాయి. కిటికీ మీద, అలమర మీద, గోడ మీద ఒకే చోట ఉన్నాయి చూశారా?" అన్నాడు. గోడకి వేలాడుతున్న గళ్ల కాగితం చూపించాడు. లెన్సులు పరీక్షించడానికి అదే వాడతాడట. "కంటి ఆస్పత్రిలో మా అమ్మకి కూడా ఇలాంటిదే చూపించారు. ఒక కన్ను మూసి చూడమన్నారు" అన్నాడు.

 ఇంటికి వెళ్లేదాకా ఆగలేక ఇక్కడే బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను.

ఆ గళ్ల కాగితం ఒకటి అడిగి తీసుకుని ఇందులో పెట్టాను. భూతద్దం వద్దు. మధ్యలో చుక్క ఉంది, దాన్నే చూడు. మొదట కుడి కన్ను మూసుకుని చూడు, తర్వాత ఎడమది మూసుకుని చూడు. రెండింటికీ గళ్లు ఒకేలా ఉన్నాయా? నువ్వు మామూలుగా రెండు కళ్లతో చూస్తావు కాబట్టి మంచి కన్ను రెండోదాని తప్పుని కప్పేస్తుందట. బొమ్మలు చూసేటప్పుడే నువ్వు ఒంటి కన్నుతో చూస్తావు.

ఇందాక ఇక్కణ్నుంచే నీకు ఫోన్ చేశాను. సగం చెప్పేసరికి "ఫొటో సంగతులు కాగితం మీద" అని పెట్టేశావు. అత్తయ్యకి చేస్తే "కనపడకేం, నిక్షేపంగా కనపడుతోంది, నిన్న సూదిలో దారం కూడా ఎక్కించారు" అంది. అందుకే కాగితం మీదే రాస్తున్నాను. చూడు. వెంటనే చూడు.

గడుగ్గాయి

*

వెనక వరండా,
జూలై 12

చి. సౌ. మేనకోడలికి,

నా నెగటివుతో నన్నే పరీక్షకి పెట్టావన్నమాట. తెలివితేటలు పెరిగాయి. సంతోషం.

నీ బొమ్మల్లో తప్పుంటే లెన్సు మార్చావు. ఆ తప్పు చెప్పిన కళ్లలో తప్పు వెతకడం నీకు ఇప్పుడు తోచింది. లెన్సులు తుడుచుకునేవాడు నా కళ్ల సంగతి నీకు చెప్పాడు, నువ్వు నమ్మావు.

గళ్ల కాగితం తిప్పి పంపుతున్నాను. ఇక బొమ్మలు పంపొద్దు. నీ ప్రదర్శనకి నీకు నచ్చింది ఇచ్చుకో. నా అనుమతితో పనేముంది!

ఇట్లు
మావయ్య

*

కంటి ఆస్పత్రి, వెయిటింగ్ హాలు,
జూలై 18

మావయ్యా,

నన్ను చిరంజీవి సౌభాగ్యవతి అని నువ్వెప్పుడూ అనలేదు. అది చదివి ఏడ్చాను. ఏడుపు తీరాక కాగితం విప్పి చూశాను. మడత మీద మడత, నువ్వు విప్పి మళ్లీ మడిచిన గుర్తు ఉంది. నీ మడతలు నాకు తెలుసు, నక్షా మడతలు. చుక్క పక్కన ఎర్ర పెన్సిలు మొన తగిలి చిన్న మచ్చ పడింది. నువ్వు చూశావు. గీయబోయి ఆగిపోయావు.

తిట్టు, పడతాను. నిన్ను పరీక్షకి పెట్టడం తప్పే, వెయ్యిసార్లు ఒప్పుకుంటాను. ఇవాళ సెలవు పెట్టి ఆ మూడు ప్రింట్లూ పట్టుకుని ఇక్కడికి వచ్చాను. డాక్టరమ్మ, "పేషెంటేరి?" అంది. రాలేదు, ఇవే వచ్చాయన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. తర్వాత నీ గీతలు చూసి కుర్చీ ముందుకు లాక్కుంది. "ఈయన చాలా చక్కగా గీశారండీ. మా పేషెంట్లు ఇంత బాగా చెప్పలేరు" అంది. కంటి వెనక పొరలో నీరు చేరితే ఇలా గీతలు వంగుతాయట. తొందరగా వస్తే ఇంజెక్షన్లతో ఆపొచ్చట. ఆలస్యం చేసినకొద్దీ చూపు పోతుందట, పోయిన చూపు తిరిగి రాదట. ఫిబ్రవరి నుంచి గీస్తున్నారంటే, "ఇంకా ఏం చూస్తున్నారు మీరు?" అని నన్ను కసిరింది.

ప్రదర్శన అటకెక్కనీ. నువ్వు బాగుందంటావో లేదో అని ఎనిమిదేళ్లు పస్తులున్నదాన్ని, ఇంకో ఎనభై ఏళ్లుంటాను. ఆ మాట అనడానికి నీకు కన్నుండాలి. నా బొమ్మలకి ఇంకో కన్ను లేదు, మావయ్యా. నాకు భయంగా ఉంది.

అత్తయ్యకి ఫోన్‌లో అంతా చెప్పేశాను. శనివారం మొదటి బస్సుకి వస్తున్నాను. చొక్కా వేసుకుని కూర్చో.

గడుగ్గాయి

*

వెనక వరండా,
సెప్టెంబరు 17

గడుగ్గాయికి ఆశీస్సులు.

అక్షరాలు కొండెక్కి దిగుతున్నాయని నవ్వకు. ఎడమ కంటి పెత్తనంలో రాస్తున్నాను. దానికి అలవాటు లేదు.

రెండు ఇంజెక్షన్లకీ నువ్వే వచ్చి పక్కన కూర్చున్నావు. బస్సులో మూడు గంటలు, ఆస్పత్రిలో అయిదు గంటలు. అంతసేపూ పక్కనే ఉన్నా నీతో ఒక మాట అనలేకపోయాను. కాగితం మీదైతే అనగలను.

నాకు మార్చిలోనే తెలుసు. నీ కిటికీ పంపేశాక పేపరు చూస్తుంటే వరసలు ఈదాయి. చూపు ఎటు జరిపితే వంపు అటే వచ్చింది. లెన్సు వంపు అలా వెంట తిరగదు, అది ఎక్కడ పడితే అక్కడే ఉంటుంది. అంచుల్లో ఉంటుంది, మధ్యలో కాదు. ఇవన్నీ నీకు నేర్పింది నేనే. తెలిసీ నీ అలమర మీద గీశాను, నీ గోడ మీద గీశాను. నీ లెన్సు వంకరనుకుంటే నాకు నిద్ర పట్టేది. నా కన్ను వంకరనుకుంటే ఏం మిగిలింది? గీతలు గీసే ఉద్యోగం పోయి పదేళ్లయింది. చీకటి గది పోయింది. కొండలెక్కి తీసే ఓపిక పోయింది. రెండు నెలలకోసారి నీ కవరు వస్తుంది, ఎర్ర పెన్సిలు చెక్కుకుంటాను. అదొక్కటే మిగిలింది. దాన్ని కాపాడుకోవడానికి నీ ఎనిమిదేళ్ల లెన్సుని బలిపెట్టాను. షాపులో నలుగురూ నిన్ను చూసి నవ్వేలా చేశాను. తప్పయింది, తల్లీ.

డాక్టరమ్మ నీరు తగ్గిందంది. ఆస్పత్రివాళ్లిచ్చిన గళ్ల కాగితం మంచం ఎదురుగా అంటించుకున్నాను. రోజూ పొద్దున కుడి కంటితో చూసి ఎంత వంగిందో దాని మీదే గీస్తున్నాను. జూలైలో ఆరు గళ్లు, ఇప్పుడు రెండు. అంతకంటే తగ్గకపోవచ్చంది. కుడి కన్ను ఇక బొమ్మలకి పనికిరాదు.

ఆస్పత్రికి తెచ్చి నువ్వు ఇక్కడే వదిలేసిన నీ కిటికీ ప్రింటు నిన్న తీశాను. ఎర్ర గీతల్ని రబ్బరుతో తుడిచి, ఎడమ కంటికి భూతద్దం పెట్టుకుని చూశాను. పదకొండు ఊచలూ నిటారుగా ఉన్నాయి.

బాగుంది.

రాశాను. కానీ నమ్మకు. ఈ మాట అన్నది కొత్తగా ఉద్యోగంలో చేరిన కన్ను. దాని మాట మీద ప్రదర్శనకి పంపడం నీ కర్మ. ఏది పంపాలో నువ్వే చూసుకో. నీ కళ్లు రెండూ బాగానే ఉన్నాయి.

మావయ్య

*

మేడమీది గది,
అక్టోబరు 4

మావయ్యకి,

నీ ఉత్తరం ఇరవై ఒకటో తారీఖున చేరింది. నేను ఇరవయ్యో తారీఖున ప్రింటు ఇచ్చేశాను. ఎనిమిదేళ్లు ఎదురుచూసిన మాట ఒక్క రోజు ఆలస్యంగా వచ్చింది. గేటు దగ్గరే నిలబడి చదివాను. కూరలు అమ్మే ఆవిడ, "ఏమైందమ్మా?" అని బండి ఆపింది. 'బాగుంది' దగ్గర ఏడవలేదు. 'తప్పయింది తల్లీ' దగ్గర ఏడ్చాను. ఆ మాట ఇంకెప్పుడూ రాయకు.

ఇక నా తప్పు చెబుతాను. ఇచ్చింది కిటికీ కాదు. ఇన్నాళ్లూ దాచాను, గోడకి ఎక్కేదాకా నువ్వు అడ్డుపడకూడదని. ప్రింటు ఇందులో పెట్టాను.

రెండో ఇంజెక్షన్ రోజు గుర్తుందా? ఆ పొడుగాటి వరండా చివర నిన్ను కూర్చోబెట్టి, కుడి కన్ను అరచేత్తో మూసుకుని గోడ మీది గళ్లు చూడమంది నర్సు. వెలుతురు నీ పక్కనుంచి పడుతోంది. కెమెరా తీశాను. సెక్యూరిటీ ఆయన "ఇక్కడ ఫొటోలు తియ్యకూడదు" అని అడుగులేశాడు. నర్సు, "వాళ్ల మావయ్యేలే, తీసుకోనీ" అంది. ఎవరో చక్రాల కుర్చీ తోసుకుంటూ అడ్డం వచ్చారు. వాళ్లు దాటేసరికి బ్యాటరీ ఎర్రగా కొట్టుకుంటోంది. స్టాండు లేదు, మట్టం లేదు. నువ్వు అలికిడి విని ఇటు తిరిగి "వద్దన్నానా!" అన్నావు, చెయ్యి కంటి మీదే ఉంచి. అప్పుడు నొక్కాను. ఒక్కటే వచ్చింది, కెమెరా ఆగిపోయింది.

నలభై ఏళ్లు అందరినీ తీశావు, నువ్వు ఒక్క బొమ్మలోనూ లేవు. ఇందులో ఉన్నావు. ఎడమ కన్ను ఎంత కోపంగా ఉందో చూడు. అది ఊరికే తోడుకి ఉన్న కన్ను కాదు.

నీ వెనక తలుపు చట్రం కొంచెం ఒరిగింది. అర డిగ్రీ ఉంటుంది. కంప్యూటర్లో ఒక్క నొక్కుతో నిలబెట్టొచ్చు. నిలబెడితే నీ చెయ్యి అంచు తెగిపోతోంది. చూశాను, వదిలేశాను. ఎవర్నీ అడగలేదు, నిన్ను కూడా.

క్లబ్బు వాళ్లు దాన్ని చేతులు కడుక్కునే చోటికి వెళ్లే దారిలో వేలాడదీశారు. ట్యూబు లైటు సరిగ్గా నీ నుదుటి మీద మెరుస్తోంది. ఎంత మొత్తుకున్నా మార్చలేదు. అయినా జనం ఆగుతున్నారు. ఒకావిడ చాలాసేపు నిలబడి, నా వైపు తిరిగి, "మీ కెమెరా చాలా మంచిదండీ" అంది. ఈసారి కోపం రాలేదు.

నీకు కోపమొస్తే రాయి. రాకపోయినా రాయి.

గడుగ్గాయి

*

వెనక వరండా,
అక్టోబరు 12

గడుగ్గాయికి,

ప్రింటు చేరింది. నేనింత ముసలివాణ్ని అయ్యానని ఎవరూ చెప్పలేదు. మీ అత్తయ్య చూసి కొంగుతో మొహం తుడుచుకుని, "ఇదే మా ఆయన" అంది. ఫ్రేము కట్టించమంటోంది. ముందు నా పని కానివ్వమన్నాను.

పొద్దుటి వెలుతుర్లో బల్ల మీద పెట్టాను. కుడి కన్ను మూసి, ఎడమ కంటికి భూతద్దం ఆనించాను. చట్రం పక్కన స్కేలు పెట్టాను, కోణమానిని పెట్టాను. మూడుసార్లు కొలిచాను. ఎర్ర పెన్సిలు కొత్తది చెక్కాను.

అర డిగ్రీ కాదు. ముప్పావు.

గీసి పంపుతున్నాను. ఇంకో ప్రింటు పంపు, ఫ్రేముకి.

మావయ్య